మాంటిస్సోరీకి, మామూలు ఎల్‌కేజీ యూకేజీకి అసలు తేడా ఎక్కడ?

మీ ప్రశ్న ఇది: పాపకు రెండేళ్ల పది నెలలు. హైదరాబాద్‌లో మీ ఇంటి దగ్గర రెండు బడులున్నాయి. ఒకటి మాంటిస్సోరీ అని బోర్డు పెట్టుకుంది, అక్కడ హోంవర్కు, నోటుబుక్కులు ఉండవట. రెండోది నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉన్న పెద్ద స్కూలు. మొదటిదాంట్లో వేస్తే ఒకటో తరగతికి వెనకబడుతుందేమో, రెండోదాంట్లో వేస్తే ఇప్పట్నుంచే చదువంటే విసుగు పుడుతుందేమో అని మీ బెంగ.

ముందుగా, బోర్డును నమ్మకండి. మాంటిస్సోరీ అన్న పేరు మీద ఎవరికీ హక్కు లేదు. అమెరికాలో 1967లోనే ఈ సంగతి తేలిపోయింది. మన దగ్గర కూడా ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, పెట్టుకుంటున్నారు కూడా. లోపల డెస్కులు, డైరీలు, నెలనెలా టెస్టులు ఉన్న బడికీ ఆ పేరే ఉంటుంది. అందుకని ఎంపిక రెండింటి మధ్య కాదు, మూడింటి మధ్య: పద్ధతి ప్రకారం నడిచే మాంటిస్సోరీ, ఓపికగల టీచరున్న మామూలు నర్సరీ, పేరుకు మాత్రమే మాంటిస్సోరీ. ఇదే వరసలో ఎంచుకోమని నా సలహా. మూడోదానికి ఎక్కువ ఫీజు కట్టడం కన్నా రెండోది ఎంతో నయం.

తేడా అంతా పొద్దుటి పూట మూడు గంటల్లో ఉంటుంది. మామూలు నర్సరీలో ఒకే వయసు పిల్లలు ముప్పై నలభై మంది ఉంటారు. అరగంటకో పీరియడ్: రైమ్స్, ఇంగ్లిషు, నంబర్లు, స్నాక్స్, రంగులు వేయడం. ఏది మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో టైంటేబుల్ చెబుతుంది. మాంటిస్సోరీ గదిలో రెండున్నర నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు కలిసి ఉంటారు. పాతిక ముప్పై మందికి శిక్షణ పొందిన టీచరు ఒకరు, సహాయానికి ఇంకొకరు. పిల్ల అల్మారా దగ్గరికి వెళ్లి, తనకు అంతకుముందు చూపించిన వస్తువుల్లో ఒకటి తీసుకుని, చాప పరచుకుని, మనసు తీరేదాకా చేసి, మళ్లీ ఉన్నచోటే పెట్టి వస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మధ్యలో బెల్లు ఉండదు.

ఎందుకు మూడు గంటలు? పని మొదలైన గంటకో, గంటంబావుకో గది ఒక్కసారిగా గోలగా మారుతుంది. పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు, ఒకరినొకరు తోసుకుంటారు. అనుభవం లేని టీచరు పిల్లలు అలిసిపోయారనుకుని అందర్నీ ఆటకు తీసుకెళ్లిపోతుంది. ఈ పద్ధతిని రూపొందించిన మారియా మాంటిస్సోరీ దీన్ని జాగ్రత్తగా గమనించి రాసింది, ఇది నిజమైన అలసట కాదని. కాసేపు ఓపిక పడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే మళ్లీ పనిలో పడతారు. ఈసారి ఎంచుకునేది పొద్దున చేసినదానికన్నా కష్టమైనది. రోజు మొత్తంలో లోతైన పని ఆ తర్వాతి గంటలోనే జరుగుతుంది. రోజుకు నలభై నిమిషాల ‘మాంటిస్సోరీ పీరియడ్’ పెట్టే బడుల్లో వస్తువులన్నీ ఉన్నా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ గంట రాకముందే చాపలు చుట్టేస్తారు.

ఇక వస్తువుల సంగతి. గులాబీ టవర్‌లో పది చెక్క ఘనాలుంటాయి. చిన్నదాని భుజం 1 సెంటీమీటరు, పెద్దదానిది 10. రంగు ఒకటే, ఆకారం ఒకటే, నునుపు ఒకటే. మారేది సైజొక్కటే. మూడేళ్ల పిల్ల వాటిని ఒక్కొక్కటిగా మోసుకొచ్చి చాప మీద పెడుతుంది, అంటే పది సార్లు అల్మారా దాకా వెళ్లి రావాలి. పెద్దదాన్ని పట్టుకోవాలంటే చెయ్యి మొత్తం చాచాలి. చిన్నదాన్ని వేలి కొసలతో పట్టాలి. వరస తప్పితే మెట్లు ఎగుడుదిగుడుగా కంటికి కనిపిస్తాయి. సిలిండర్ల దిమ్మలో అయితే ఇంకా తేటతెల్లం. పది గుంతలు, పది సిలిండర్లు. ఒకటి తప్పు గుంతలో కూర్చుంటే ఆఖర్న పట్టని సిలిండరొకటి చేతిలో మిగులుతుంది. ఎవరూ ‘రాంగ్’ అనరు. పిల్ల వెనక్కి వెళ్లి ఎక్కడ పొరపాటు జరిగిందో తనే వెతుక్కుంటుంది.

మామూలు తరగతిలో పిల్ల గీసిన ప్రతి గీతకూ టీచరు మొహం వంక చూసి ‘కరెక్టేనా మేడమ్?’ అంటుంది. టీచరు చెడ్డదై కాదు, నలభై నోటుబుక్కులు దిద్దాల్సిన చోట ఇంకో దారి లేదు. తన తప్పు తాను పట్టుకుని దిద్దుకునే అలవాటు మూడేళ్ల పాటు రోజూ సాగితే అది పిల్ల స్వభావంలో భాగమైపోతుంది. రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడాలన్నింటిలో పెద్దది ఇదేనని నా నమ్మకం.

లెక్కల దగ్గరికి వస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఎల్‌కేజీ, యూకేజీల్లో 1 నుంచి 100 దాకా రాయించడం పెద్ద పని. పిల్ల ఆ పేజీ ఎలా నింపుతుందో ఓసారి పక్కన కూర్చుని చూడండి. ఇరవైల వరసలో ముందు 2, 2, 2, 2 అని పైనుంచి కిందికి దించేస్తుంది. ఆ తర్వాత పక్కన 1, 2, 3, 4 అని దించుతుంది. పేజీ ముచ్చటగా ఉంటుంది, స్టారు కూడా పడుతుంది. కానీ 23లో ఉన్న 2 అంటే ఇరవై అన్న సంగతి పిల్లకు తెలియదు. 38 పెద్దదా, 83 పెద్దదా అంటే తెల్లమొహం వేస్తుంది.

మాంటిస్సోరీలో లెక్క కర్రలతో మొదలవుతుంది. పది కర్రలు, 10 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా. ప్రతి 10 సెంటీమీటర్లకూ ఎరుపు, నీలం మారుతూ ఉంటాయి. ఐదు అంటే ఐదు విడి గింజలుగా కాక ఒక్క కర్రగా చేతికి వస్తుంది. తర్వాత గరుకు కాగితంతో చేసిన అంకెలు, ఆ తర్వాత కదుళ్ల (సన్నని చెక్క పుల్లల) పెట్టె. అందులో 0 నుంచి 9 దాకా గదులు, మొత్తం 45 కదుళ్లు. సున్నా గది ఖాళీగానే ఉంటుంది. మిగతావి సర్దాక కదుళ్లు మిగలకుండా, తక్కువ పడకుండా ఉంటే లెక్క సరిపోయినట్టు. ఆపైన బంగారు రంగు పూసలు. ఒకటికి ఒక పూస, పదికి పది పూసల కడ్డీ, వందకు పలక, వెయ్యికి ఘనం. నాలుగు, నాలుగున్నరేళ్ల పిల్ల ‘2,345 తీసుకురా’ అంటే ట్రేలో రెండు ఘనాలు, మూడు పలకలు, నాలుగు కడ్డీలు, ఐదు పూసలు పెట్టుకుని వస్తుంది. వెయ్యి ఎంత బరువో చేతికి తెలుస్తుంది. కూడికలో విడి పూసలు పది పోగైతే ‘బ్యాంకు’లో ఇచ్చి ఒక కడ్డీ తెచ్చుకుంటుంది. తర్వాత తరగతుల్లో ‘ఒకటి పైన వేసుకో’ అని చెప్పే పని అప్పటికే చేతులతో ఎన్నోసార్లు చేసి ఉంటుంది. తెలుగులో లెక్కపెట్టే పిల్లలు పదకొండు నుంచి పంతొమ్మిది దాకా తడబడి, ఇరవై దాటాక సాఫీగా వెళ్లిపోతారు. కాబట్టి 11 నుంచి 19 దాకా నేర్పే పలకల మీద ఎక్కువ రోజులు ఆగితే కంగారు పడకండి.

రాత విషయంలో మామూలు నర్సరీ మూడేళ్ల చేతికి నేరుగా పెన్సిల్ ఇచ్చేస్తుంది: స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్, ఆ వెంటనే అక్షరాలు. మణికట్టు దగ్గరి ఎముకలు అప్పటికి ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. పిల్ల పెన్సిల్‌ను గుప్పిట్లో బిగించి నొక్కి రాస్తుంది, ఆ పట్టు ఓసారి అలవాటైతే మార్చడం చాలా కష్టం. మాంటిస్సోరీలో పెన్సిల్‌తో అక్షరాలు రాయడానికి ఏడాది ముందే మూడు వేళ్లు సిద్ధమవుతాయి. సిలిండర్ల బొడిపెలు పట్టడం, లోహపు అచ్చుల చుట్టూ గీత గీయడం, గరుకు కాగితపు అక్షరం మీద చూపుడు వేలు, మధ్య వేలు కలిపి రాసే దిశలోనే తిప్పడం.

ఇక్కడ తెలుగు వాళ్లం ప్రత్యేకంగా పట్టించుకోవలసింది ఒకటుంది. మన మాంటిస్సోరీ బడుల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు అక్షరాలకు గరుకు పలకలు, పేర్చి మాటలు కట్టే విడి అక్షరాల పెట్టె అన్నీ పెడతాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి గోడ మీది చార్టు, దిద్దుడు పుస్తకం చాలనుకుంటాయి. ఇది అన్యాయం. తెలుగు అక్షరం రాసినట్టే పలుకుతుంది, ఈ పద్ధతికి ఇంగ్లిషు కన్నా తెలుగే బాగా ఒదుగుతుంది. కాకపోతే వర్ణమాల వరసను పక్కన పెట్టాలి. ఆ వరసలో వెళ్తే ‘తల’ అన్న మాట చదవడానికి ‘ల’ వచ్చేదాకా నెలల తరబడి ఆగాలి. త, ల, క, డ, ప, వ, ఈ ఆరు వస్తే చాలు: తల, కల, వల, వడ, పలక, పడవ, కడవ, పడక చదివేయవచ్చు. గుణింతం అక్కర్లేదు. ప, వ చూడటానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి రెండూ ఒకే రోజు ఇవ్వకూడదు, ఒకటి స్థిరపడ్డాకే రెండోది. ద, ధ, థ లాంటివీ అంతే. తర్వాత ఒక్కో గుణింతపు గుర్తు విడిగా ఇవ్వాలి. దీర్ఘం ఒక్కటి చేరితే తాత, పాప, పాక, కాడ వచ్చేస్తాయి.

ఒత్తుల్లో ఇంకో చిక్కు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. మనం అందరికన్నా ముందు చార్టులో చూపించే ‘అమ్మ’ నిజానికి చదవడానికి కష్టమైన మాట. గడ్డ, పచ్చ, మొగ్గ, అబ్బ లాంటి, ఒత్తు చూస్తేనే అక్షరం గుర్తొచ్చే మాటలతో మొదలుపెట్టి, ఆ తర్వాత అమ్మ, అన్న, అత్తలకు రావాలి.

అక్షరం చెప్పే తీరు మూడు మెట్లు. మొదట ‘ఇది ప, ఇది ల.’ తర్వాత ‘ప ఏది? ల నా చేతికివ్వు, ప చాప చివర పెట్టు.’ ఆఖర్న వేలు పెట్టి ‘ఇదేంటి?’ ఒకసారికి రెండు, మహా అయితే మూడు. చాలామంది రెండో మెట్టును రెండు ప్రశ్నలతో ముగించి మూడోదానికి దూకుతారు, పిల్ల నోరు మూసుకుంటుంది. ఎక్కువసేపు ఆగవలసింది రెండో మెట్టు దగ్గరే. అక్కడ తప్పు చెబితే ‘కాదు’ అనకుండా ఆ రోజుకు ఆపి, ఇంకో రోజు మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి.

పరిశోధనలు ఏమంటున్నాయి? ఫీజు కట్టగలిగిన, చదువుకున్న తల్లిదండ్రులే మాంటిస్సోరీని ఎంచుకుంటారు కాబట్టి మామూలు పోలికలు నమ్మదగినవి కావు. ఆ చిక్కు లేకుండా చేసినవి లాటరీ అధ్యయనాలు. సీట్లు లాటరీలో ఇచ్చిన ప్రభుత్వ బడుల్లో, సీటు వచ్చిన పిల్లలను, రాని పిల్లలను పోల్చారు. అమెరికాలో ఏంజెలిన్ లిలార్డ్ బృందం మిల్వాకీలో చేసిన ఇలాంటి పని 2006లో వచ్చింది. 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో హార్ట్‌ఫర్డ్ నగరంలో 141 మంది పిల్లలను మూడేళ్ల వయసు నుంచి గమనించారు. మొదట్లో రెండు గుంపులూ సమానం. పోనుపోను మాంటిస్సోరీ పిల్లలు చదువులో ముందుకెళ్లారు, పేదింటి పిల్లలకూ ఉన్నవాళ్ల పిల్లలకూ మధ్య ఎడం తగ్గింది. 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో కూలీల పిల్లల కోసం మొదలైన తొలి మాంటిస్సోరీ బడికి ఇది తగిన ఫలితమే. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది 2012 నాటి లిలార్డ్ అధ్యయనం. అందులో మూడు రకాల తరగతులను పోల్చారు: అచ్చమైన మాంటిస్సోరీ, మాంటిస్సోరీకి వర్క్‌షీట్లు, ఇతర బొమ్మలు జోడించినది, మామూలు బడి. ఏడాదిలో ఎక్కువ ఎదుగుదల మొదటిదాంట్లోనే కనిపించింది. ‘మేం రెండు పద్ధతుల్లోని మంచినీ కలిపాం’ అనే ప్రిన్సిపాల్ మాట విన్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

మాంటిస్సోరీలో లోటు లేదని కాదు. ఉత్తుత్తి వంట, డాక్టరాట, రాజు-దొంగ లాంటి ఊహల ఆటలకు ఆ గదిలో చోటు తక్కువ. కథలు, పాటలు, పద్యాలు టీచరును బట్టి ఉంటాయి. కొన్ని గదుల్లో నిశ్శబ్దం పేరు చెప్పి పాటే పాడించరు. పిల్ల ఏం నేర్చిందో చూపించడానికి ఇంటికి కాగితం రాదు, అవ్వాతాతలకు జవాబు చెప్పుకోవడం మీకు కష్టమే. అన్నిటికన్నా పెద్ద లోటు టీచర్లది. పూర్తి శిక్షణకు దాదాపు ఏడాది పడుతుంది, జీతాలు అంతంతమాత్రం, ఏడాది మధ్యలో టీచరు మానేస్తే ఆ గది కుప్పకూలుతుంది. 1939లో మద్రాసు అడయారు దివ్యజ్ఞాన సమాజానికి వచ్చిన మారియా మాంటిస్సోరీ యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వెయ్యికి పైగా మంది టీచర్లకు స్వయంగా శిక్షణ ఇచ్చింది. అంత గొప్ప ఆరంభం ఉన్న దేశంలో ఇవాళ వారం రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్లతో గదులు నడుస్తున్నాయి.

మామూలు నర్సరీకి దాని బలాలు దానికున్నాయి. రైమ్స్, డాన్సు, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు, ఒకే వయసు స్నేహితులు, అదే ప్రాంగణంలో పదో తరగతి దాకా సీటు. పాతిక మందిని దాటని తరగతి, రోజూ బయట ఆట, కథ చెప్పే టీచరు ఉండి, నర్సరీలో రాత పెట్టకపోతే అది మంచి బడే.

ఇప్పుడు మీరు చేయవలసింది. రెండు బడుల్లోనూ పది గంటల ప్రాంతంలో ఒక గంట మూలన మాట్లాడకుండా కూర్చుంటామని అడగండి. వద్దంటే అదే జవాబు. మాంటిస్సోరీ గదిలో ముందు వయసులు చూడండి. ఐదేళ్లు దాటిన పిల్లలు ఎంతమంది? అందరూ మూడు, నాలుగేళ్ల వాళ్లే అయితే పెద్ద పిల్లల్ని చూసి చిన్నపిల్లలు నేర్చుకోవడం అక్కడ జరగదు. గులాబీ టవర్‌లో అన్నిటికన్నా చిన్న ఘనం ఉందో లేదో చూడండి. ఆ సెంటీమీటరు ముక్క మొదట పోయేది. అది పోయి నెలలైనా తెప్పించని బడిలో వస్తువులను అలంకారానికి ఉంచారని అర్థం. గదికి ప్రతి వస్తువూ ఒక్కటే ఉండాలి, ఆగడం, ఇంకొకరు చేస్తుంటే చూడటం నేర్చుకునేది దానివల్లే. పది పెట్టెలు తెరిచి పదిమందికి ఒకేసారి చూపిస్తుంటే అది మామూలు తరగతే. ఎవరైనా నీళ్లు ఒలకబోసినప్పుడు టీచరు ఏం చేస్తుందో గమనించండి. గుడ్డ ఎక్కడుందో పిల్లకు తెలిసి, తనే తుడిచి, ఎవరూ అరవకపోతే గది బాగున్నట్టు. టీచరు గొంతు గది అవతలికి వినిపిస్తుంటే బాగోలేనట్టు.

అడగవలసిన ప్రశ్నలు: టీచరు డిప్లొమా ఎక్కడ, ఎన్ని నెలలు? ఏఎంఐ (అంతర్జాతీయ మాంటిస్సోరీ సంఘం) లేదా ఇండియన్ మాంటిస్సోరీ సెంటర్ శిక్షణ అయితే మంచిది. పొద్దున ఎడతెగని పని సమయం ఎంత? రెండున్నర గంటలకు తగ్గకూడదు. తెలుగు గరుకు అక్షరాలు చూపిస్తారా? ఏ పనికీ చెయ్యి పెట్టకుండా తిరిగే పిల్లను ఏం చేస్తారు? ‘వాళ్ల ఇష్టం’ అంటే అది స్వేచ్ఛ కాదు, నిర్లక్ష్యం. మంచి టీచరు ఆ పిల్లకు రెండు పనులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది, పక్కన కూర్చుని మొదలుపెట్టిస్తుంది.

చేర్పిస్తే మూడేళ్లూ ఉంచండి. చాలామంది రెండేళ్లు పంపి, పెద్ద స్కూల్లో సీటు దొరకదన్న భయంతో యూకేజీకి మార్చేస్తారు. మొదటి రెండేళ్లలో చేతులతో చేసిందంతా చదువుగా, రాతగా, లెక్కగా బయటికి వచ్చేది మూడో ఏటనే. చిన్నపిల్లలకు చూపించే పెద్దరికం కూడా ఆ ఏడే వస్తుంది. అది వదులుకునేటట్టయితే మొదటి నుంచీ మామూలు నర్సరీయే మేలు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతి ఆరేళ్లు నిండాకే. మీ పాపకు మూడేళ్లు సరిగ్గా సరిపోతాయి. మీకు కావలసిన పెద్ద స్కూలు నేరుగా ఒకటో తరగతిలో చేర్చుకుంటుందో లేదో మాత్రం ఇప్పుడే కనుక్కోండి.

ఒకటో తరగతిలో వెనకబడుతుందా అన్నదానికి: చదవడం, లెక్కల్లో వెనకబడదు. ఇబ్బంది వచ్చేది మూడు చోట్ల. బోర్డు చూసి కాపీ చేయడం, నాలుగు గీతల పుస్తకంలో వేగంగా రాయడం, పని సగంలో ఉండగా బెల్లు కొడితే ఆపేయడం. ఆఖరి నాలుగైదు నెలల్లో ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. గోడకు పలక తగిలించి నాలుగు మాటలు రాసి, చూసి పుస్తకంలో దించమనండి. వారం గడిచాక ఒక వాక్యం రాయండి. టైమర్ పెట్టి, మోగగానే పెన్సిల్ దించే ఆట ఆడించండి. మొదటి నెల కొత్త బడిలో ‘ఇది నాకు ముందే వచ్చు’ అని ఊరికే కూర్చుంటే, టీచరును కలిసి పాప ఎక్కడిదాకా వచ్చిందో చెప్పండి. లేకపోతే ఆ ఊరికే కూర్చోవడాన్ని రాకపోవడంగా లెక్కేస్తారు.